నీటి వేడిని బట్టి ఈత

ఒంటి వేడిని నీరు గాలికంటే దాదాపు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది. 25 డిగ్రీల గాలిలో చొక్కా లేకుండా హాయిగా కూర్చునే మనిషి, అంతే వేడి ఉన్న నీళ్లలో కదలకుండా కాసేపు ఉంటే వణికిపోతాడు. ఈదేవాడికి కండరాల్లో పుట్టే వేడి తోడుంటుంది. అందుకే అంతర్జాతీయ పోటీల కొలనుల్లో నీటిని 25–28 డిగ్రీల మధ్య ఉంచుతారు.

చలినీళ్ల దెబ్బ దూకిన క్షణంలోనే తగులుతుంది. ఊపిరి ఒక్కపెట్టున లోపలికి గుంజుకుంటుంది, గుండె దడదడలాడుతుంది. ఆ క్షణాన ముఖం నీళ్లలో ఉంటే అంతే సంగతులు. చలినీళ్లలో పోయేవాళ్లలో చాలామంది ఒళ్లు చల్లబడి కాదు, ఈ తొలి ఉక్కిరిబిక్కిరిలోనే పోతారు. రెండు మూడు నిమిషాలు తట్టుకుంటే శ్వాస దారిలో పడుతుంది. తర్వాత చేతుల వంతు. చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుంటాయి, ముంజేతి నరాలు, కండరాలు మందగిస్తాయి. వేళ్లు దగ్గరకు చేరక కొంకర్లు పోతాయి, నీళ్లు పట్టుకు చిక్కవు.

ఇంగ్లిష్ ఛానల్‌లో వేసవిలోనూ నీరు 15–18 డిగ్రీలే. ఛానల్ ఈదేవాడి వెంట పడవలో వెళ్లే పరిశీలకులు నిమిషానికి ఎన్ని బారలు పడుతున్నాయో లెక్కపెట్టి రాసుకుంటారు. లెక్క తగ్గుతూ మాట కూడా తడబడుతుంటే ‘బాగానే ఉన్నా’ అన్న జవాబును నమ్మడానికి లేదు. ఆరతీ సాహా 1959లో 16 గంటల 20 నిమిషాలు ఈ నీళ్లలోనే ఈది, ఛానల్ దాటిన తొలి ఆసియా మహిళ అయింది.

రక్తం చర్మాన్ని వదిలి లోపలికి మళ్లడంతో ఒంట్లో నీరు ఎక్కువైందని మూత్రపిండాలు పొరబడతాయి. చలినీళ్లలో మాటిమాటికీ మూత్రం వచ్చేది అందుకే. గట్టెక్కాక కూడా లోపలి వేడి కాసేపు దిగుతూనే ఉంటుంది. వెంటనే వేడినీళ్ల షవర్ కింద నిలబడితే రక్తపోటు పడిపోయి సొమ్మసిల్లే ప్రమాదం ఉంది. పొడిబట్టలు, దుప్పటి మేలు.

వేన్నీళ్లంటే ఇంత భయం ఎవరికీ ఉండదు, ఉండాలి. నీళ్లలో చెమట ఆరదు, కాబట్టి ఒంటిని చల్లార్చదు. చర్మానికీ కండరాలకూ రక్తాన్ని పంచలేక గుండె పరుగెత్తుతుంది. ఒళ్లంతా తడిగా ఉన్నవాడికి తన చెమట తెలియదు, దాహమూ అంతగా అనిపించదు. 50 మీటర్ల ఈతకు అర నిమిషం చాలు, వెచ్చని కండరం అక్కడ లాభమే. 10 కిలోమీటర్లకు దాదాపు రెండు గంటలు పడుతుంది. 2010 అక్టోబరులో యూఏఈలోని ఫుజైరాలో అలాంటి సముద్ర పోటీలోనే అమెరికా ఈతగాడు ఫ్రాన్ క్రిపెన్ చనిపోయాడు. ఆరోజు నీరు 30 డిగ్రీలకు అటూఇటూగా ఉంది. తర్వాత ఇలాంటి పోటీలకు గరిష్ఠ పరిమితిని 31 డిగ్రీలుగా పెట్టారు. రెండు గంటలు ఈదేవాడికి అది కూడా ఎక్కువే.