సరివితోటలో కొలతటేపు

శ్రీకూర్మమున కూర్మనాథస్వామి కోవెల వెనుకబడి, వరిమళ్లు పలుచబడి, నేలలో ఇసుకపాలు హెచ్చి, గాలిలో ఉప్పువాసన పొడసూపు తావునుండి సముద్రపుటొడ్డు దనుక అక్కడక్కడ పెరిగియున్న సరివితోటలలో ఒకదానికి, ఏటికి రెండుమారులు, గాలి లేవకమునుపే చేరుకొని, చెట్టు చెట్టునకును టేపు చుట్టి ఆ కొలతను పుస్తకమున ఎక్కించుకొనుట నా పని. వాతావరణ మార్పును శోధించువాడనగా ఉపగ్రహ చిత్రముల నడుమను, కంప్యూటర్ల నడుమను కాలము గడుపువాడని పలువురనుకొందురు. ఆ పనియు కలదు. కాని పైరుతోపాటు చెట్టును పెంచు సేద్యమును, అగ్రోఫారెస్ట్రీ అని నేడు లోకము పిలుచుచున్నదానిని, అధ్యయనము చేయువానికి తుట్టతుదకు ఆధారము ఈ టేపే.

నేలనుండి 1.37 మీటర్లు, అనగా నాలుగున్నర అడుగులు; మనిషి రొమ్మువరకు వచ్చు ఈ ఎత్తుననే మన దేశమున చెట్లను కొలుతురు. బెరడు పొలుసులను అరచేతితో మెల్లగా రాల్చి, టేపు జారకుండ, మెలిక పడకుండ చుట్టవలెను. పోయినమారు కొలిచినచోటనే ఈమారును కొలువవలెను గనుక, ప్రతి మానునకును రంగుతో ఒక గీత గీసి, అల్యూమినియపు రేకుపై అంకె కొట్టి కట్టియుంచెదము. టేపు వ్రేలెడు పైకి గాని క్రిందికి గాని జరిగినచో, పెరుగని చెట్టు పెరిగినట్లును, పెరిగిన చెట్టు తరిగినట్లును లెక్క తప్పును.

ఆ చుట్టుకొలతనుండి వ్యాసమును, వ్యాసమునుండి ఎండుబరువును రాబట్టు సూత్రములు కలవు. అవి కాగితముమీద పుట్టినవి కావు. ఎవరో ఎక్కడనో పదులకొలది చెట్లను మొదలంట నరికి, మానును, కొమ్మలను, ఆకును, త్రవ్వితీసిన వేళ్లను విడివిడిగా తూచి, ముక్కలను ఓవెనులో పెట్టి, తూకమిక తగ్గదనునంతవరకు ఎండించి సాధించిన సూత్రములవి. ఇకమీదట చెట్టును నరుకకయే దాని బరువు తెలియవలెనని ఆనాడు ఆ చెట్లను నరికిరి. ఎండుకట్టె తూకమున ఇంచుమించు సగము కర్బనము. దానిని 3.67చే గుణించినచో చెట్టు గాలినుండి గ్రహించిన బొగ్గుపులుసు వాయువు తూకము తేలును. 30 కిలోల ఎండుబరువు గల సరివిమాను, ఈ లెక్కను, 55 కిలోల వాయువును పట్టి కట్టెగా మార్చినదన్నమాట.

సరివిని దగ్గరగా పరికించినవారికి ఒక విశేషము తెలియును. మనము ఆకులనుకొను ఆ పొడుగాటి పచ్చని సూదులు ఆకులు కావు, సన్నని రెమ్మలు. ఒక సూదిని రెండు చేతుల నడుమ పట్టి లాగినచో కణుపువద్ద చిటుక్కున ఊడివచ్చును. ఊడినచోట భూతద్దము పెట్టి చూచినచో కిరీటమువలె చుట్టును నిలిచిన చిన్నచిన్న పంటివంటి మొనలు కనబడును. ఆకులు అవి. పిల్లలు ఈ సూదిని ఒకచోట ఊడదీసి మరల అతికించి, ఎచ్చట ఊడినదో చెప్పుమని ఆడుకొందురు. ఉప్పుగాలిలో, నీరు నిలువని ఇసుకలో బ్రతుకుటకై ఆకును అంతగా కుదించుకొన్న ఈ చెట్టు వేళ్లయందు మరియొక ఏర్పాటు చేసికొన్నది: ఫ్రాంకియా అను సూక్ష్మజీవికి వేరుబొడిపెలలో చోటిచ్చి, గాలిలోని నత్రజనిని దానిచేత పట్టించుకొనును. అందువలననే, సేంద్రియ కర్బనము అర శాతమునకు మించుట అరుదైన ఈ ఇసుకలో సరివి నాటి, తొలియేడు మొక్కల నడుమ నువ్వులో, ఉలవలో, వేరుశెనగయో పండించుకొని, నాలుగైదేళ్లకు మానులను కొట్టి గుంజలకును, రాయగడ, రాజమహేంద్రవరముల కాగితపు మిల్లులకును అమ్ముకొనుట రైతునకు సాధ్యమగుచున్నది.

తాటిచెట్టు దగ్గర మాత్రము నా టేపు నిరుపయోగము. తాటిమాను సరివివలె ఏటేట లావెక్కదు. వయస్సు చెప్పు వలయములు దానికి లేవు. మొదట నేలమట్టముననే తన లావును సమకూర్చుకొని పిమ్మట ఎత్తునకు సాగును. కావున ఎత్తు కొలువవలెను, రాలిన మట్టల మచ్చలు చూడవలెను. అంతకంటె మేలు, ఆ చెట్టెక్కి కల్లు గీయువానిని అడుగవలెను. ఈ సీమలో మడిగట్లమీద వరుసదీరిన తాళ్లు, ఏ శాస్త్రజ్ఞుడును బోధింపకమునుపే మన పెద్దలు తరతరములుగా సాగించిన అగ్రోఫారెస్ట్రీ. వరిమీద పడు నీడ స్వల్పము. ఆకు ఇంటికప్పునకు, ముంజె వేసవికి, మాను దూలమునకు. పెనుగాలికి కొబ్బరి కూలినచోటను తాడు నిలిచియుండుట ఈ తీరమున నేను పలుమారులు చూచితిని.

2018 అక్టోబరు 11వ తేదీ వేకువను తిత్లీ తుపాను పలాస చేరువను తీరము దాటినపుడు గాలివేగము గంటకు 140 నుండి 150 కిలోమీటర్లు. ఉద్యానమను మాటయే ఉద్దానమైనదని చెప్పుకొను ఆ ప్రాంతమున కొబ్బరి, జీడి, పనసతోటలు నేలకొరిగినవి. కొన్నాళ్లకు నేనచ్చటికి పోయి పడిన చెట్లను లెక్కించుచుండగా, వేళ్లతో లేచిపోయిన జీడిమానుపై కూర్చున్న ఒక వృద్ధుడు నేను వ్రాయుచున్నదేమని అడిగెను. ఈ తోట ఇన్నేళ్లలో గాలినుండి ఇంత వాయువును పీల్చియుండునని వివరించి చెప్పితిని. ఆయన సాంతము విని, "అది తరవాత సెప్దువు గాని బాబూ, మల్లీ ఏస్తే ఎన్నేళ్లకి కాపుకొస్తాది, అది సెప్పు" అనెను. జీడి మూడవయేట పూతకు వచ్చును గాని నిండుకాపునకు ఏడెనిమిదేళ్లు. దేశవాళీ కొబ్బరికి ఆరేడేళ్లు తప్పవు. ఈ సంగతి ఆయనకు నాకంటె బాగుగ తెలియును. ఆయన అడిగినది ఆ ఏడేళ్లు ఇల్లు గడచుటెట్లని.

నాటినుండి నా పుస్తకమున చుట్టుకొలత ప్రక్కన మరికొన్ని గడులు చేరినవి: ఏ యేట ఏమి చేతికి వచ్చినది, నడుమ ఏ పైరు వేసినారు, ఎంత అప్పు చేసినారు. చెట్టు ఎంత కర్బనమును దాచునని చెప్పగలిగియు, అది ఎదుగునందాక రైతు ఎట్లు ఓర్చుకొనునో చెప్పజాలని పరిశోధన ఈ తీరమున ఒక్క మొక్కనైనను నాటింపజాలదని నా దృఢవిశ్వాసము. జీడి పోయినచోట సరివిని నాటినవారిని తప్పుపట్టు హక్కు మాకు లేదు. ఐదేళ్లకు కాగితమైన కట్టెలోని కర్బనము అధికభాగము కొలదికాలముననే మరల గాలిలో కలియునన్నది నిజము. ఐదేళ్లకు పైకము చేతికి వచ్చుననుటయు అంతే నిజము. 2014లో మన దేశము ప్రపంచమున మొదటిసారిగా జాతీయ అగ్రోఫారెస్ట్రీ విధానమును ప్రకటించినపుడు, తన పొలములో తాను పెంచిన చెట్టును కొట్టుకొనుటకును, తరలించుకొనుటకును రైతు పడు అనుమతుల అగచాట్లను తగ్గింపవలెనని అందు చేర్చిరి. నరుకుటకు స్వేచ్ఛ ఇచ్చిననే నాటుటకు ధైర్యము కలుగునను ఈ తర్కము మొదట నాకు విపరీతముగ తోచినది. రైతుల నోట వినిన పిమ్మట అందలి న్యాయము బోధపడినది.

1958లో చార్లెస్ కీలింగ్ హవాయి దీవిలోని మౌనాలోవా పర్వతముపై గాలిని కొలువ నారంభించునప్పటికి పదిలక్షల పాళ్లలో 315 పాళ్లున్న బొగ్గుపులుసు వాయువు నేడు 420 దాటినది. ఆ కొలతలను చూపు గీత సాఫీగా ఎక్కదు. ఉత్తరార్ధగోళమున చెట్లు చిగిర్చి ఎదుగు మాసములలో కొంచెము దిగును, ఆకు రాలిన పిదప మరల ఎక్కును. ఏటేట దిగు ఆ కొలది మేరలో మా తోటలోని సరివియు, గట్టుమీది తాడును, పిసరంతయైనను, ఉన్నవిగదా అని దానిని చూచినప్పుడెల్ల నా మనస్సునకు ఒక ధైర్యము.

గత భాద్రపదమున యథాప్రకారము తోటకు పోయితిని. తోట లేదు. మొదళ్ల నడుమ దున్ని ఉలవ చల్లియున్నారు. నా పుస్తకమున ఆ గడులన్నియు ఇక సున్న. నన్ను చూచి రైతు గట్టుమీదుగా వచ్చి, "కబురెడదామనుకున్నాను బాబూ, పిల్ల పెళ్లి కుదిరీసింది" అని, తువ్వాలు కొంగున ముడివేసి దాచిన మూట విప్పి నా చేతిలో పెట్టెను. మా అల్యూమినియపు రేకులు. "నీ అంకెలు. ఒక్కటీ పోనీలేదు." లెక్క చూచితిని, 48. అన్నియు ఉన్నవి. గట్టువెంబడి బారెడు బారెడు దూరమున చిన్నచిన్న గుంటలు తీసి పూడ్చిన జాడలు కనబడగా అవి యేమని అడిగితిని.

"తాటి టెంకలు. మనవడికి."

పుస్తకమున కొత్త పుట తిప్పి, పైన తేదీ వేసి, ఆ గుంటలను లెక్కింప మొదలిడితిని.