మచ్చ పోయింది, పురుగు పోలేదు

ఖమ్మంలో మే నెలలో అక్వేరియం చేపలకు తెల్ల మచ్చ రోగం రావడం అరుదు. ఆ ఎండలకు అద్దాల తొట్టిలో నీళ్లు కూడా వేడెక్కుతాయి, ఆ వేడి రోగం తెచ్చే పురుగుకు పడదు. దాని కాలం కార్తీకం దాటాక మొదలవుతుంది. కొత్తగూడెం, పాల్వంచ, భద్రాచలం వైపు అడవి అంచు ఊళ్లలో పగలు ఎండ కాసినా రాత్రి చలి కొరుకుతుంది. ముక్కోటి ఏకాదశికి భద్రాచలం వెళ్లి తెల్లవారుజామున గోదావరిలో మునిగినవాళ్లకు ఆ చలి సంగతి చెప్పక్కర్లేదు. పగటికీ రాత్రికీ నీటి వేడి నాలుగైదు డిగ్రీలు మారుతుంటే చేప ఒంట్లో సత్తువ తగ్గుతుంది. సరిగ్గా అప్పుడే దుకాణం నుంచి కొత్త చేప ఇంటికొస్తే రోగానికి తలుపు తెరిచినట్టే.

మొదట మచ్చలు కనపడవు. చేప గులకరాళ్లకు ఒళ్లు రుద్దుకుంటుంది, రెక్కలు ముడుచుకుంటుంది, గాలి బుడగలు లేచే చోట నిలబడి మొప్పలు గబగబా ఆడిస్తుంది. ఒకటి రెండు రోజుల్లో తోక మీద, రెక్కల మీద ఉప్పు రవ్వలు చల్లినట్టు చుక్కలు తేలతాయి. టార్చిలైటు పక్కనుంచి వేసి చూడండి. చుక్క పైన అంటుకున్నట్టుండదు, చర్మం లోపలి నుంచి ఉబ్బినట్టుంటుంది. పురుగు నిజంగానే పైచర్మం కింద దూరి కూర్చుని ఉంటుంది. మొప్పల్లో దూరితే ఒంటి మీద ఒక్క చుక్కా లేకుండానే చేప ఊపిరాడక చచ్చిపోవచ్చు. గోల్డ్ ఫిష్ విషయంలో ఒక తిరకాసు ఉంది. మగచేపకు గుడ్ల కాలంలో మొప్పల మూత మీద, ముందు రెక్కల అంచున వరుసగా తెల్లటి బొడిపెలు వస్తాయి. అది రోగం కాదు, ఈడు. దానికి మందు పోసి చేపను చంపుకునేవాళ్లు తక్కువేమీ కాదు.

ఇంకో అయోమయం కూడా తీర్చాలి. కోస్తా రొయ్యల రైతు 'వైట్ స్పాట్' అంటే 1994 నుంచి చెరువులకు చెరువులు తుడిచిపెట్టిన వైరస్. మన తొట్టిలోది ఇక్థియోఫ్తిరియస్ మల్టిఫిలియిస్ అనే ఏకకణ జీవి. ఫూకే అనే ఫ్రెంచి పరిశోధకుడు 1876లో దానికి పేరు పెట్టాడు. రెంటికీ చుట్టరికం లేదు.

ఈ పురుగు బతుకు తెలిస్తే వైద్యం సగం తెలిసినట్టే. చేప చర్మం కింద అది తిని పెరుగుతుంది. నీళ్లు 25 డిగ్రీల దగ్గర ఉంటే నాలుగైదు రోజుల్లో బలిసి, చర్మం చీల్చుకుని బయటపడి, అడుగుకు జారి గులకరాయికో మొక్కకో అతుక్కుంటుంది. చుట్టూ గట్టి పొర కట్టుకుని లోపల రెండు, నాలుగు, ఎనిమిదిగా చీలుతూ పోతుంది. ఒక రోజు గడిచేసరికి ఆ పొర పగిలి వందల పిల్లలు, ఒక్కోసారి వెయ్యి దాకా, నీళ్లలో ఈదుతాయి. రెండు రోజుల్లోపు చేప దొరక్కపోతే అవి చస్తాయి. నీళ్లు చల్లబడితే ఈ చక్రం అంతా నెమ్మదిస్తుంది, పది డిగ్రీల దగ్గర నెల పైనే పడుతుంది.

చర్మం కింద ఉన్నదాన్ని మందు తాకలేదు. పొర కట్టుకున్నదాన్నీ తాకలేదు. చంపగలిగేది ఈదుతున్న పిల్లలనే. సీసాలోని మందు రెండు చుక్కలు వేయగానే, మూడో రోజుకు చేప ఒళ్లు నున్నగా కనపడగానే చాలామంది చేతులు దులుపుకుంటారు. అప్పుడు జరిగిందల్లా పురుగు చేపను వదిలి గులకరాళ్లలోకి దిగడమే. వారం తిరక్కుండా అది వెయ్యింతలై లేస్తుంది.

పాలేరు, వైరా జలాశయాల మీద, ఊరి చెరువుల మీద బతికే ముదిరాజులకు, గంగపుత్రులకు ఈ చక్రాన్ని సూక్ష్మదర్శినిలో చూడాల్సిన అవసరం పడలేదు. అయినా వాళ్ల పనుల్లో దానికి విరుగుడు ఉంది. వేసవిలో చిన్న చెరువు ఎండి నెర్రెలిస్తే అడుగు బురదలోని పురుగులకు, గుడ్లకు చోటుండదు. పిల్లలను పెంచే కుంటల్లో నీళ్లు పెట్టకముందు సున్నం చల్లుతారు. వల వాడిన ప్రతిసారీ గట్టు మీద ఎండేస్తారు. నూలు వలల రోజుల్లో అది దారం కుళ్లకుండా చేసిన పని, పురుగు చావడం అదనపు లాభం. నైలాను వల కుళ్లదు కాబట్టి తడి వలనే ఒక కుంట నుంచి ఇంకో కుంటకు మోసుకుపోవడం ఇప్పుడు తేలికైంది. చేప పిల్లలను కొత్త నీళ్లలో వదిలేముందు నూటికి రెండు మూడు పాళ్ల ఉప్పునీళ్లలో ఒకటి రెండు నిమిషాలు ముంచి తీయడం ఇవాళ మత్స్యశాఖ వాళ్లూ చెప్పే మాటే. బొచ్చె, రవ్వ పిల్లలు కిక్కిరిసిన కుంటలో తెల్ల మచ్చ పడితే ఎంత నష్టమో ఆ జాలర్లకు తెలుసు.

ఆ ఉప్పునే ఇంటి తొట్టికి తెచ్చుకుందాం. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు తొట్టిలో గులకరాళ్లు, పైన వదిలిన ఖాళీ పోగా 50 లీటర్ల లోపే నీళ్లుంటాయి. లీటరుకు రెండు గ్రాముల లెక్కన 100 గ్రాముల దొడ్డుప్పు చాలు. అయొడైజ్డ్ ఉప్పు చేపను చంపుతుందన్న భయం అతి, కాకపోతే దొడ్డుప్పు చవక. సగం ఇవాళ, సగం రేపు, వేరే గిన్నెలో కరిగించి పొయ్యాలి. రెండు రోజులకోసారి గొట్టంతో అడుగు నీళ్లు పది లీటర్లు లాగేయాలి. గులకరాళ్ల మధ్య అతుక్కున్న పొరల్లో కొన్ని అలా బయటికి పోతాయి. కొత్తగా పోసే పది లీటర్లకు 20 గ్రాముల ఉప్పే కలపాలి. ఆవిరైపోయిన నీటికి బదులు పోసేదానికి అసలు కలపొద్దు, ఉప్పు ఆవిరి కాదు. ఇక్కడ లెక్క తప్పినవాళ్లే ఉప్పును నిందిస్తారు. తొట్టిలో మొక్కలుంటే ముందే తీసి వేరే బకెట్లో పెట్టండి, చాలా రకాలు ఉప్పుకు తట్టుకోవు.

హీటరుంటే వేడిని రోజుకు ఒకటి రెండు డిగ్రీల చొప్పున 30 దాకా పెంచొచ్చు. వేడిలో పురుగు తొందరగా చేపను వదులుతుంది, ముప్పై దాటితే దాని సంతానం కూడా దెబ్బతింటుంది. వేడి నీళ్లలో ప్రాణవాయువు తక్కువ కాబట్టి ఎయిర్ పంపు ఆపొద్దు. గోల్డ్ ఫిష్ చల్లని నీటి చేప, దాన్ని ముప్పైకి ఈడ్వొద్దు. చివరి చుక్క మాయమయ్యాక ఇంకో వారం పది రోజులు ఇదంతా సాగాలి. అసలు కష్టం ఆ వారంలోనే ఉంది.

పసుపు సంగతి అడుగుతారు. 1988లో దేశంలోకి వచ్చిన పుండ్ల రోగం మన కొర్రమీనును కుళ్లబెట్టినప్పుడు చెరువుల్లో సున్నం, పసుపు కలిపి చల్లడం బాగా వాడుకలోకి వచ్చింది. భువనేశ్వర్‌లోని కేంద్ర మంచినీటి మత్స్య పరిశోధన సంస్థ ఆ రోగానికే సిఫాక్స్ అనే మందు తయారు చేసింది. ఆ పుండ్ల రోగం పేరుతో పసుపును ప్రతి చేప రోగానికీ పోస్తున్నారు. తెల్ల మచ్చకు దాన్ని నమ్ముకోవద్దన్నది నా మాట, నీళ్లు మురికి చేసుకోవడం తప్ప మిగిలేది లేదు. ఇక దుకాణం మందుల్లో ఉండే మలకైట్ గ్రీన్ పురుగును చంపుతుంది, నిజమే. తినే చేపల పెంపకంలో చాలా దేశాలు దాన్ని వద్దన్నాయి. ఆ నీళ్లు చేతికి తగలకుండా చూసుకోవాలి. జెల్ల, ఉలిశ లాంటి పొలుసు లేని, సన్నపొలుసు చేపలకు సీసా మీద రాసినంత మోతాదు కూడా ఎక్కువ కావచ్చు.

రాకుండా చూడడం అన్నిటికంటే సులువు, అందుకే ఎవరూ చెయ్యరు. చెన్నై కొళత్తూరు లాంటి చోట్ల నుంచి బయల్దేరిన చేప మన దుకాణం చేరేలోపు ఎన్ని నీళ్లు మారిందో, ఎంత అలిసిందో లెక్కలేదు. దాన్ని ప్లాస్టిక్ టబ్బులో మూడు వారాలు విడిగా ఉంచాలి. ఆ టబ్బుకు జల్లెడ వల, గొట్టం వేరుగా ఉండాలి, వాడాక ఎండేయాలి. ఒకసారి రోగాన్ని తట్టుకున్న చేపకు కొంత నిరోధకశక్తి వస్తుంది. పాత చేపలు బాగుండి, తెచ్చిన కొత్తవి మాత్రం పోతుంటే దుకాణదారుణ్ని తిట్టేముందు మీ తొట్టినే అనుమానించండి.

విసుగెత్తి రోగపు చేపలను సాగర్ ఎడమ కాలువలోనో, కిన్నెరసానిలోనో వదలకండి, మందు నీళ్లు పారబోయకండి. ఆ కాలువ పాలేరుకు పోతుంది, కిన్నెరసాని గోదావరిలో కలుస్తుంది. తొట్టి నుంచి వాగులో పడ్డ దెయ్యం చేప (సక్కర్ ఫిష్) ఇవాళ జాలర్ల వలలు చింపుతోంది, అది చాలు. మీ ఊరి చెరువు చేపల మీద తెల్ల చుక్కలు కనిపిస్తే సొంత వైద్యం మానేసి జిల్లా మత్స్యశాఖకు గానీ, పాలేరులోని మత్స్య పరిశోధన కేంద్రానికి గానీ బతికున్న చేపనే పట్టుకెళ్లి చూపించండి. చేప చచ్చాక పురుగు దాన్ని వదిలిపోతుంది, అప్పుడు చూసి చెప్పగలిగేది తక్కువ.