కదలని కొండ, నిలవని పిల్ల

మాన్యువల్ ఎక్స్‌పోజర్ నేర్చుకుంటానంటే తెలిసినవాళ్లు తరచు చేతిలో పెట్టే పుస్తకాలు రెండు. ఒకటి ఆన్సెల్ ఆడమ్స్ 'ది నెగటివ్'. 1948లో వచ్చింది, 1981లో తిరగరాశారు. రెండోది బ్రయన్ పీటర్సన్ 'అండర్‌స్టాండింగ్ ఎక్స్‌పోజర్', 1990 నాటిది. పిల్లల ఫొటోల కోసం రాసినవి కావు రెండూ. నేను మాత్రం డాబా మీద మా ఐదేళ్ల మేనకోడలి వెంట పడుతూ వాటిని చదివాను. అంచేత ఈ పోలికలో కాస్త ఆయాసం కూడా ఉంటుంది.

పీటర్సన్ పక్కన కూర్చుని కబుర్లు చెప్పినట్టు రాస్తాడు. ఎఫ్/4 దగ్గర సెకనులో 500వ వంతు సరిపోయిందంటే, ఎఫ్/22 దగ్గర 15వ వంతు దాకా అంతే వెలుగునిచ్చే జతలు ఆరున్నాయి. మీటరుకు ఆరూ ఒకటే. నీ బొమ్మకు ఏది కావాలో అది నువ్వు తేల్చుకో అంటాడు. ఈ సంగతి ఇంత తేటగా చెప్పినవాళ్లు తక్కువ. అయితే పరిగెత్తే పిల్ల ఎదుట ఆ ఆరింటిలో నాలుగు వాటంతట అవే రాలిపోతాయి. 250వ వంతుకే జడ కుచ్చులు చెదిరిపోతాయి. ఎపర్చర్‌తో ఆడుకునే స్వేచ్ఛ పూలకూ గుమ్మాలకూ సరే. మా డాబా మీద ముందు తేలాల్సింది షట్టరే.

ఆయన చిట్కాల్లో నాకు అక్కరకొచ్చింది అరచేయి. దాన్ని ఎండలో పెట్టి, మీటరు దాదాపు ఒక స్టాపు ఎక్కువ చూపేలా సర్దుకోమంటాడు. పిల్ల మెట్లెక్కి వచ్చేలోపే ఆ పని అయిపోతుంది. బూడిదరంగు కార్డుతో సరిచూస్తే నా చేతికి ఆ లెక్క మూడింట రెండు వంతుల స్టాపు దగ్గరే ఆగింది. ఎవరి చెయ్యి వాళ్లు కొలుచుకోవాల్సిందే.

ఆడమ్స్ దగ్గర కబుర్లుండవు. 1940 ప్రాంతంలో ఫ్రెడ్ ఆర్చర్‌తో కలిసి తీర్చిన జోన్ పద్ధతిని పట్టిక వేసి మరీ బోధిస్తాడు. కటిక నలుపు సున్నా, తెల్ల కాగితం పది, మధ్యలో ఒక్కో జోనుకు ఒక్కో స్టాపు. మీటరు దేన్ని చూసినా ఐదో జోనే అనుకుంటుంది. దాని మాట విని, ఆ రంగు ఎక్కడ కూర్చోవాలో నువ్వు నిర్ణయించు. ఎండ పడిన తెల్లవాళ్ల చర్మాన్ని ఆరో జోనులో పెడతాడు. మా పిల్లకు ఐదున్నర నప్పింది.

ఈ విసుగు పుట్టించే పాఠమే నా అసలు చిక్కు విప్పింది. పిల్ల సున్నం కొట్టిన పిట్టగోడ ముందు నుంచి నల్లటి నీళ్ల ట్యాంకు ముందుకు ఉరుకుతుంది. ఆటోలో గోడ ముందు ముఖం మసిబారుతుంది, ట్యాంకు ముందు వెలిసిపోతుంది. ముఖం మీద పడే ఎండ మాత్రం మారలేదు కదా! ఐఎస్ఓ 100, ఎఫ్/5.6, 800వ వంతు అని కట్టిపడేస్తే రెండుచోట్లా ఒకే ముఖం వస్తుంది. పీటర్సన్ పుస్తకం చిట్కాలిచ్చింది, కానీ అవి ఎందుకు పనిచేస్తాయో నాకు తెలిసింది ఆడమ్స్ దగ్గరే.

ఆయన్ని నెమ్మది మనిషి అని తీసిపారెయ్యడం కూడా తప్పే. 1941లో న్యూ మెక్సికోలోని హెర్నాండెజ్ దగ్గర చంద్రోదయం తీసేటప్పుడు ఆయనకు మీటరు దొరకలేదు. చంద్రుడి కాంతి చదరపు అడుగుకు 250 క్యాండిళ్లని గుర్తు తెచ్చుకుని, లెక్క కట్టి, 8×10 అంగుళాల కెమెరాతో ఒక్క నెగటివ్ తీశాడు. రెండోది తీయబోయేసరికి శ్మశానంలోని సిలువల మీద ఎండ పోయింది. పిల్లల్ని తీసేవాళ్లకు ఈ కథ చాలా దగ్గరగా తగులుతుంది.

వెలుగుల దగ్గర మాత్రం ఆడమ్స్‌ని పక్కన పెట్టాలి. ఆయన నీడలకు తగ్గట్టు ఎక్స్‌పోజ్ చేసి వెలుగుల సంగతి డెవలపింగ్‌లో చూసుకుంటాడు. అది నెగటివ్ ధర్మం. డిజిటల్‌లో తెల్ల గౌను ఒకసారి కాలిపోతే మళ్లీ రాదు. స్లైడ్ ఫిల్మ్ కాలంలో చేయి తిరిగిన పీటర్సన్ భయమే ఇక్కడ మనకు పనికొచ్చేది.

ఇక పిల్ల ఎండలోంచి మెట్లగది నీడలోకి దూరిందంటే ఇద్దరూ చేతులెత్తేస్తారు. మూడు స్టాపుల తేడా. ఫిల్మ్ రోజుల్లో లోపల రీలు ఉన్నంతసేపూ ఐఎస్ఓ అదే కాబట్టి ఎపర్చరో షట్టరో మార్చమనే ఆ పాఠాలు అలవాటు పడ్డాయి. ఇప్పటి కెమెరాలో రెండింటినీ కదపకుండా ఐఎస్ఓను 100 నుంచి 800కి తిప్పితే చాలు. నా కెమెరా చక్రానికి స్టాపుకు మూడేసి టిక్కులు, మొత్తం తొమ్మిది. వేలితో లెక్కపెడుతూ ఐదు దాకా వచ్చేసరికి పిల్ల "మావయ్యా, ఇటు!" అంటూ మళ్లీ ఎండలోకి వెళ్లిపోతుంది.