కెరటాలకు లెక్క కట్టే చదువు

1991 ఆగస్టు 23న నార్వేలోని స్టావాంగర్ పక్కన, గాండ్స్‌ఫియోర్డ్ అనే లోతైన సముద్రపు పాయలో స్లైప్నర్-ఎ అనే కాంక్రీటు కట్టడం మునిగిపోయింది. సముద్రం అడుగు నుంచి గ్యాస్ తీసే ప్లాట్‌ఫామ్‌కు అది పాదం. పైభాగం ఎక్కించే ముందు దాన్ని కొంచెం కొంచెంగా నీటిలోకి దించి చూస్తున్నారు. నీటిమట్టానికి దాదాపు 65 మీటర్ల దిగువన ఒక గోడ పగిలింది. కట్టడం సముద్రపు అడుగుకు తగిలిన దెబ్బ రిక్టర్ స్కేలు మీద 3గా నమోదైంది. ప్రాణనష్టం లేదు గానీ, దాదాపు 70 కోట్ల డాలర్లు నీళ్ళపాలయ్యాయి.

గుండ్రటి కాంక్రీటు గదులు మూడేసి కలిసే చోట త్రికోణపు సందులు మిగిలాయి. వాటిలో సముద్రపు నీరు. ఆ నీటి ఒత్తిడి గోడను కోసేసే బలాన్ని కంప్యూటర్ విశ్లేషణ దాదాపు 47 శాతం తక్కువగా చూపించింది. గోడను ముక్కలుగా విభజించి లెక్కించడంలో ఆ ముక్కలు మరీ పెద్దవైపోయాయి, వంకరగా కూడా ఉన్నాయి. దానికి తోడు అక్కడి ఇనప కడ్డీలు పొట్టివి. తరువాత జాగ్రత్తగా మళ్ళీ లెక్కిస్తే, ఆ గోడ 62 మీటర్ల లోతులో పగలాలని తేలింది!

నాకు దీనికంటే ఆ తరువాత జరిగిందే ఆసక్తికరం. గ్యాస్ ఇస్తామన్న గడువు దగ్గర పడుతోంది. కంప్యూటర్ ఫలితాల కోసం ఆగే వ్యవధి లేదు. అనుభవమున్న ఇంజినీర్లు స్లైడ్ రూల్ కాలపు పద్ధతుల్లో, చేతిలెక్కలతో కొత్త కట్టడాన్ని డిజైన్ చేశారు. కంప్యూటర్ ఫలితాలు వచ్చేసరికి డిజైన్ పూర్తయిపోయింది. 1993లో గ్యాస్ వచ్చింది.

స్ట్రక్చరల్, ఆఫ్‌షోర్ ఇంజినీరింగులో ఎమ్మెస్ చేయడమంటే నా దృష్టిలో ఆ చేతిలెక్క అలవాటు చేసుకోవడమే. సాఫ్ట్‌వేరు నేర్చుకోవడానికైతే హైదరాబాద్ అమీర్‌పేటలోని కోచింగు సెంటర్లు చాలు. అది చెప్పిన జవాబు నమ్మదగినదో కాదో కాగితం మీద తేల్చడానికే స్టావాంగర్ విశ్వవిద్యాలయమైనా, డెల్ఫ్ట్ విశ్వవిద్యాలయమైనా, మన ఐఐటీ మద్రాసు ఓషన్ ఇంజినీరింగు విభాగమైనా.

కెరటం స్తంభాన్ని ఎంత బలంతో నెడుతుంది? 1950లో మోరిసన్, ఆయన సహచరులు బర్క్‌లీలో దీనికిచ్చిన సూత్రమే నేటికీ ఈ చదువులో మొదటి మెట్టు. బలం రెండు భాగాలు. ఒకటి నీటి వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది (దీన్నే డ్రాగ్ అంటారు), రెండోది నీటి త్వరణాన్ని బట్టి. తమాషా ఏమిటంటే ఈ రెండూ ఒకేసారి గరిష్ఠానికి రావు. వేగం కెరటపు శిఖరం కింద ఎక్కువ. త్వరణం మాత్రం నీరు మామూలు మట్టాన్ని దాటే చోట ఎక్కువ. కాబట్టి అతి పెద్ద లోడు శిఖరం వచ్చినప్పుడే పడాలని లేదు. కెరటం ఒక్కో స్థానంలో ఉండగా విడివిడిగా లెక్క కట్టాలి. సన్నటి ఉక్కు కాలి మీద తుఫానులో మొదటి భాగానిది పైచేయి, లావుపాటి కాంక్రీటు స్తంభం మీద రెండోదానిది. స్తంభం వ్యాసం కెరటం పొడవులో ఐదో వంతు దాటితే మోరిసన్‌ను పక్కన పెట్టాల్సిందే, ఎందుకంటే అప్పుడు స్తంభమే కెరటాన్ని చెదరగొడుతుంది. పైగా కాలికి గుల్లలు, నాచు పడతాయి. నున్నటి ఉక్కుకు 0.65గా తీసుకునే డ్రాగ్ గుణకం, గరుకెక్కిన ఉక్కుకు 1.05 అవుతుంది. కాలు లావెక్కడం దానికి అదనం. ఏ గుణకం ఎప్పుడు వాడాలో ఏ యంత్రమూ తనంతట తాను చెప్పదు.

రెండో పెద్ద పాఠం ఫెటీగ్. తీగను అటూ ఇటూ వంచుతూ పోతే తెగినట్టే, చిన్న కెరటాలు కూడా ఉక్కును తెంపగలవు. ఆరు సెకన్లకో కెరటం అనుకుంటే 20 ఏళ్ళలో పది కోట్లు దాటుతాయి. వెల్డింగు అతుకుల లెక్కలో ఒత్తిడి రెట్టింపైతే ఆయుష్షు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. 1980 మార్చి 27న ఉత్తర సముద్రంలో అలెగ్జాండర్ కీలాండ్ అనే వసతి రిగ్ తిరగబడి, అందులోని 212 మందిలో 123 మంది చనిపోయారు. పగులు మొదలైంది ఒక చిన్న పరికరాన్ని బిగించడానికి బ్రేసుకు (ఆసరాగా ఉండే అడ్డగొట్టానికి) వేసిన వెల్డింగు దగ్గర. ఆ పగులు లోపల రంగు జాడ కనిపించింది. అంటే రిగ్‌కు రంగు వేసేనాటికే పగులు ఉందన్నమాట.

చమురు తగ్గుతుంటే ఈ చదువెందుకని అడిగేవాళ్ళు ఉత్తర సముద్రంలోని హైవిండ్ టాంపెన్‌ను చూడాలి. అక్కడ 11 గాలిమరలు నీటి మీద తేలుతూ 88 మెగావాట్ల సామర్థ్యంతో పక్కనున్న చమురు ప్లాట్‌ఫామ్‌లకు కరెంటు ఇస్తున్నాయి. వాటికీ ఇవే కెరటాలు, ఇదే ఫెటీగ్. మన కాకినాడకు ఎదురుగా కేజీ బేసిన్‌లో 2024 జనవరిలో ఓఎన్‌జీసీ లోతునీటి బ్లాకు నుంచి చమురు తీయడం మొదలుపెట్టింది. అక్కడా నీటి మీద ఉన్నది తేలే నౌకే.

నార్వే వెళ్ళాలనుకునేవాళ్ళు ఖర్చు సంగతి ముందే చూసుకోవాలి: 2023 నుంచి ఐరోపా బయటి విద్యార్థులకు అక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లోనూ ఫీజు ఉంది. ఎక్కడ చేరినా సిలబస్‌లో కెరటాల సిద్ధాంతం, ఫెటీగ్, సముద్రపు మట్టిలో పునాదులు విడి సబ్జెక్టులుగా ఉన్నాయో లేదో చూడండి. మూడూ కలిపి ఒకే పేపరులో సర్దేసిన కోర్సుకైతే నేను డబ్బు కట్టను.