పాదం చూసి పేరు చెప్పే నేర్పు

వరి ఆకు మీద కాండం తొలుచు పురుగు పెట్టిన గుడ్ల ముద్దను గాజు గొట్టంలో ఉంచితే, ఒక్కోసారి పిల్ల పురుగులకు బదులు, ఆ గుడ్లను తిని పెరిగిన నలుసంత కందిరీగలు బయటికొస్తాయి. కొన్ని అర మిల్లీమీటరుకు మించవు. వాటి ప్రజాతిని పోల్చి చెప్పే నిపుణుల నేర్పుకు ఎవరైనా ముచ్చటపడాల్సిందే.

సన్నని కుంచెతో కీటకాన్ని గాజు పలక మీదికి చేర్చి, రెక్కలు, కాళ్లు, మీసాలు విడివిడిగా కనబడేలా పరుస్తారు. మైక్రోస్కోపు కింద పాదం కణుపులు లెక్కపెడతారు. మూడే ఉండి, రెక్క మీది నూగు వరసలు తీరి ఉంటే ట్రైకోగ్రామా. నాలుగుండి, ఒళ్లు లోహంలా మెరిస్తే టెట్రాస్టికస్. అయిదుండి, నల్లగా నిగనిగలాడితే టెలినోమస్. ఈ గుడ్ల మీద ఎక్కువగా దొరికేవి ఈ మూడే.

ట్రైకోగ్రామాలో మీసాలకు పొడవాటి వెంట్రుకలుంటే అది మగది. దాని జననాంగం ఆకారాన్ని బట్టి జాతిని కూడా తేలుస్తారు.

ఆ తేడా రైతుకు అక్కరకొస్తుంది. వరిలో కాండం తొలుచు పురుగు మీదికి ట్రైకోగ్రామా జపానికమ్‌ను, ఆకుముడత పురుగు మీదికి ట్రైకోగ్రామా కైలోనిస్‌ను కార్డులకు అంటించిన గుడ్ల రూపంలో వదులుతారు. పెంపకంలో ఒకదాంట్లో మరొకటి కలవకుండా కాపాడేది ఈ నిపుణుల చూపే.