పేద ముద్దాయికి అండగా నిలిచే న్యాయవాది

ఫీజు ఇచ్చుకోలేని ముద్దాయి తరఫున జిల్లా న్యాయ సేవాధికార సంస్థ నియమించే న్యాయవాది పని కోర్టు ఆవరణలో ఎవరి కంటా పెద్దగా పడదు గానీ, అందులోని పనితనం నిజంగా గౌరవించదగినది. 1987 నాటి చట్టం ప్రకారం కస్టడీలో ఉన్న వ్యక్తి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఈ సహాయానికి అర్హుడు కాబట్టి, తన తరఫున వాదించే అధికారమిచ్చే వకాల్తా మీద అతడు జైలులోనే వేలిముద్ర వేసినా చాలు, పని మొదలవుతుంది. మరణశిక్ష, యావజ్జీవ ఖైదు లేదా కనీసం పదేళ్ల ఖైదు విధించదగిన నేరాల్లో 90 రోజుల్లో, తక్కినవాటిలో సాధారణంగా 60 రోజుల్లో పోలీసులు అభియోగపత్రం దాఖలు చేయకపోతే బెయిలు హక్కుగా దక్కుతుంది. అందుకే రిమాండు తేదీని కూడా కలిపి లెక్కగట్టి, గడువు దాటగానే, అభియోగపత్రం కోర్టుకు చేరేలోగా దరఖాస్తు వేయడంలో ఒక్క పూట జాగు జరిగినా ఆ హక్కు చేజారవచ్చు. అంతకన్నా సూక్ష్మమైనది క్రాస్ ఎగ్జామినేషన్, అంటే ఎదుటి పక్షపు సాక్షిని ప్రశ్నించడం. వీధిదీపం వెలుగులో ముద్దాయిని గుర్తుపట్టానని బోనులో చెప్పిన సాక్షి, పోలీసులకిచ్చిన వాంగ్మూలంలో ఆ దీపం ఊసే ఎత్తలేదని పట్టుకుని, ఆ సంగతిని దర్యాప్తు అధికారి నోటనే చెప్పించి రికార్డుకెక్కించేటప్పుడు ఆ న్యాయవాది గొంతు పెంచడు. ఏ ప్రశ్న అడగాలో ఎంత బాగా తెలుసో, ఎక్కడ ఆపాలో అంతకంటే బాగా తెలుసు. బెయిలు వచ్చినా జామీను ఇచ్చేవారు దొరక్క జైలులోనే మిగిలిపోయిన కూలీ కోసం షరతులు సడలించమని మళ్లీ పిటిషన్ వేసేదీ, వాయిదాలో ఏం జరిగిందో అతడి ఇంటివారికి వాడుక మాటల్లో విడమరచి చెప్పేదీ ఆ న్యాయవాదే.