ఒంటికి మసి అంటని బండి

పాత స్కూటర్‌ను ఒకసారి పక్కనుంచి చూడండి. ఇంజను కనపడదు. గొలుసు అసలే లేదు. ముందు కాళ్లకు అడ్డంగా రేకు, నడుమ కాళ్లు పెట్టుకునే చోటు, వెనక రెండు పక్కలా బుగ్గల్లా ఉబ్బిన మూతలు. ఇనుమంతా దాచేసిన ఈ పొందిక వల్లే స్కూటరు కుర్రకారు మనసు దోచింది.

దాని పుట్టుక ఇటలీలో. రెండో ప్రపంచ యుద్ధంలో పియాజియో వారి విమానాల కర్మాగారం బాంబులకు దెబ్బతింది. యుద్ధం ముగిశాక జనానికి చవకైన బండి కావాలి. ఆ పని హెలికాప్టర్ల నిపుణుడు కొరాడినో డాస్కానియోకు అప్పగించారు. ఆయనకు మోటారు సైకిలంటే గిట్టదు. గొలుసు నూనె బట్టలకు అంటుతుంది, ఎక్కాలంటే కాలు ఎత్తి వేయాలి, పంక్చరైతే చక్రం ఊడదీయడం పెద్ద పని. ఈ మూడు చిరాకులకూ మందు వెతికాడు. గొట్టాల చట్రం బదులు వంచి అతికిన ఉక్కు రేకే బరువు మోసేలా చేశాడు. ఇంజనును వెనక చక్రం పక్కనే బిగించి గొలుసు తీసేశాడు. ముందు చక్రాన్ని విమానం చక్రంలా ఒక వైపు నుంచే పట్టి నిలిపాడు. గేర్లు ఎడమ చేతి పిడిలోకి తెచ్చాడు. 1946లో 98 సీసీతో వచ్చిన ఆ బండి పేరు వెస్పా, అంటే కందిరీగ. మరుసటి ఏడే మిలాన్ నుంచి లాంబ్రెట్టా పోటీకి దిగింది.

ఈ సౌకర్యాన్ని సోకుగా మార్చింది ఇంగ్లండు కుర్రాళ్లు. 1960ల మొదట్లో 'మాడ్స్' అనిపించుకున్న వీళ్లలో చాలామంది చిన్న ఉద్యోగాల వాళ్లు. జీతం రాగానే కొలతలిచ్చి సూటు కుట్టించుకునేవారు. ఆ సూటుతో మోటారు సైకిలెక్కితే నూనె మరకలే మిగులుతాయి. స్కూటరైతే ఇస్త్రీ నలగకుండా డాన్సు హాలు దాకా తీసుకెళ్తుంది. సూటుపై దుమ్ము పడకుండా సైనికుల పార్కా కోటు తొడిగేవారు. బండికి వరసగా అద్దాలు, దీపాలు బిగించి పెళ్లిరథంలా ముస్తాబు చేసేవారు. 1964లో బ్రైటన్ సముద్రతీరంలో మోటారు సైకిళ్ల 'రాకర్స్'తో వీళ్ల గొడవలు పత్రికలకెక్కాయి. 1979 నాటి 'క్వాడ్రొఫీనియా' సినిమా ఆ కాలాన్నే చూపింది.

మన దగ్గర కథ వేరు. పియాజియో లైసెన్సుతో వెస్పాలు తయారుచేసిన బజాజ్, 1972లో రాణా ప్రతాప్ గుర్రం పేరుతో చేతక్ తెచ్చింది. డబ్బు కట్టి ఏళ్లు ఎదురుచూస్తే గానీ బండి ఇంటికొచ్చేది కాదు. అందుకే అది మొదట నాన్న బండి. ముందు నిలబడ్డ పిల్లాడు, వెనక చీరతో పక్కకు కూర్చున్న అమ్మ. కాలేజీ కుర్రాడికి ఆ తాళం చెవి దొరికిందంటే ఇంట్లో వాడు పెద్దవాడైనట్టే.

తాళం దొరికినా బండి అంత తేలిగ్గా లొంగదు. టూ స్ట్రోక్ ఇంజను కాబట్టి పెట్రోల్లో కొలత ప్రకారం ఆయిలు కలిపించాలి. చలికాలం పొద్దున పెట్రోలు నాబ్ తిప్పి, చోక్ లాగి, బండిని ఒక పక్కకు వంచి, మళ్లీ నిలబెట్టి కిక్కు కొట్టాలి. అప్పటికీ ఉలుకూ పలుకూ లేకపోతే కుడి బుగ్గ మూత తీయాలి. పానాతో ప్లగ్గు విప్పితే మొన నల్లగా, తడిగా ఉంటుంది. గుడ్డతో తుడిచి, ఎమరీ కాగితంతో రుద్ది బిగించి మళ్లీ కిక్కు. గుప్పున నీలం పొగ, టకటకమని చప్పుడు. ఆ క్షణంలో కలిగే ధీమా బటన్ నొక్కితే స్టార్టయ్యే బండి ఇవ్వలేదు.

ఆ పాత బండి విలువ అందులోనే ఉంది. బట్టలకు మసి అంటకుండా తిప్పుతుంది. మూత తీసి చేతులకు మసి పూసుకున్న వాళ్లకు తన గుట్టంతా చెబుతుంది. మీ వరండాలో దుప్పటి కప్పిన చేతక్ ఉంటే, పాత ఇనుము వాడికి అమ్మేముందు ఇంట్లో పిల్లలచేత ఒక్కసారి ఆ ప్లగ్గు విప్పించండి.